కోనసీమ ఉప్పుగాలిలో ఇంటి దగ్గరే టర్బో ఇంజన్ విప్పి బిగించడం ఎలాగ

మా ఊరు మలికిపురం దగ్గరండి. గాలి అటునుంచి తిరిగిందంటే సముద్రం ఉప్పు వరండాలోకి వచ్చేద్ది, గేటు గొళ్ళెం దగ్గర్నుంచి కుట్టుమిషను దాకా ఇనప వస్తువేదైనా రెండేళ్ళు తిరక్కుండా తుప్పే. అలాంటి చోట మా ఇంటి వెనకాల రేకుల షెడ్డులో 2006 స్కోడా ఆక్టేవియా వీఆర్ఎస్ ఇంజన్ని రెండుసార్లు విప్పి బిగించాను. రెండోసారి ఎందుకు విప్పాల్సొచ్చిందో మధ్యలో చెప్తాను, ఇందులో ఇంకేమీ గుర్తు లేకపోయినా ఆ ఒక్క పేరా గుర్తు పెట్టుకోండి చాలు.

బండి గురించి రెండు ముక్కలు. 1781 సీసీ, నాలుగు సిలిండర్లు, ఒక్కోదానికి ఐదేసి వాల్వులు (మూడు ఇన్‌లెట్, రెండు ఎగ్జాస్టు) మొత్తం 20, కే03 టర్బో (ఎగ్జాస్టు పొగ తోపుతో తిరిగి ఇంజన్లోకి గాలి నొక్కేది), మన దేశంలో అమ్మింది 150 హార్స్‌పవర్, 210 న్యూటన్ మీటర్లు. బ్లాకు పోత ఇనుము, హెడ్డు అల్యూమినియం. ఇనప బ్లాకు గట్టిది, తిరిగి బోరు కొట్టించుకోవచ్చు, కానీ మన తేమకి ఆ ఇనుమే తలనొప్పి. మీ దగ్గర లీనియా టీ-జెట్ ఉన్నా పోలో జీటీ ఉన్నా కొలతలు మారతాయి గానీ పద్ధతి ఇదే.

ఇంజన్ విప్పే ముందే పెద్ద టర్బో, ఫ్రంట్ ఇంటర్‌కూలరు (టర్బో నుంచొచ్చే గాలిని చల్లార్చేది), పాప్స్ కొట్టే సైలెన్సరు గట్రా ఆర్డరు పెట్టేస్తారు చాలామంది. ఆ డబ్బు పక్కన పెట్టి ముందు కంప్రెషన్ గేజీ, లీక్‌డౌన్ టెస్టరు (సిలిండర్లోకి గాలి ఎక్కించి ఎంత కారుతుందో చూపించేది), మంచి టార్క్ రెంచి, యాంగిల్ గేజీ, మైక్రోమీటరు, బోర్ గేజీ చూసుకోండి, కొనలేకపోతే లేత్ షాపులో అద్దెకిస్తారేమో అడగండి. దాంతోపాటు బండి కంప్యూటర్ని చదవడానికి లాప్‌టాప్‌కి పెట్టే వీసీడీఎస్ కేబులు. కంప్రెషన్ కొట్టినప్పుడు అంకె ఎంతొచ్చింది అన్నదానికంటే నాలుగు సిలిండర్లూ దగ్గర దగ్గరగా ఉన్నాయా లేదా అన్నది ముఖ్యం, వాటి మధ్య తేడా 3 బార్ దాటిందంటే ఇంజన్ విప్పాల్సిందే. లీక్‌డౌన్‌లో గాలి ఎక్కడ్నుంచి బుసకొడతందో వినండి: ఆయిల్ పోసే మూతలోంచి వస్తే రింగులు, సైలెన్సర్లోంచి వస్తే ఎగ్జాస్టు వాల్వు, రేడియేటర్లో బుడగలొస్తే హెడ్ గాస్కెట్టు. నా బండికి రెండో సిలిండర్లో గాలి ఆయిల్ మూతలోంచి వచ్చేసేది, దానికి తోడు ముందు యజమాని ఆయిల్ మార్చక లోపలంతా తారులాగ తయారైంది.

చోటు సంగతి. మన నేల బంకమట్టి, జాకీ పెట్టి బండి లేపాక రాత్రి వాన పడిందంటే తెల్లారేసరికి ఒక పక్క స్టాండు రెండంగుళాలు దిగిపోయి ఉంటది. గచ్చు లేకుండా బండి కిందకి దూరొద్దు, కొబ్బరి మొద్దులు పెట్టి దాని కింద పడుకోవడం అసలొద్దు, మొద్దు చీలిందంటే ఇక చెప్పేదేం లేదు. గచ్చు లేకపోతే మందపాటి ఇనపరేకు పరిచి దాని మీద స్టాండ్లు పెట్టండి. ఇంజన్ని గేర్‌బాక్సుతో కలిపి ఎత్తాలంటే రెండొందల కేజీల దాకా ఉంటది, టన్ను చైన్ పుల్లీ పెట్టాలి, దాన్ని షెడ్డు పట్టీకి కాకుండా నాలుగు కాళ్ళ ఇనప ఫ్రేముకి వేలాడదియ్యాలి. ఇంకోటి, మన ఇళ్ళల్లో షెడ్డు పక్కనే కొబ్బరి డొక్కల కుప్ప ఉంటది కదా, ఆ పీచు దుమ్ము గాలిలో తేల్తానే ఉంటది, ఇంజన్ తెరిచిన రోజుల్లో డొక్కలు ఒలిచే పని ఇంకో పక్కకి మార్చమని ఇంట్లో వాళ్ళకి ముందే చెప్పుకోండి.

విప్పడంలో పెద్ద ఇబ్బంది ఎగ్జాస్టు మానిఫోల్డు నట్లూ టర్బో బోల్టులూ. ఏళ్ళ తరబడి వేడెక్కి చల్లారి, దానికి ఉప్పుగాలి కూడా తోడై స్టడ్డు నట్టూ ఒకటైపోతాయి. వారం ముందు నుంచీ రోజూ పొద్దునా సాయంత్రం తుప్పు వదిలే ఆయిల్ కొట్టండి, అప్పటికీ రాకపోతే గ్యాసుతో నట్టుని మాత్రం ఎర్రగా కాల్చి తిప్పండి (ఆయిల్ పూర్తిగా ఆరాక, పెట్రోలు లైను దూరంగా తీసేశాక), పొడుగు పైపు తగిలించి బలం పెడితే స్టడ్డు విరిగి హెడ్డులో ఉండిపోద్ది, దాన్ని డ్రిల్లు చేసి తీయించడానికి మళ్ళీ ఇంకో పని. ప్రతి బోల్టూ విడివిడి కవర్లో వేసి మార్కరుతో ఎక్కడిదో రాయండి. మెయిన్ బేరింగు మూతలూ కనెక్టింగ్ రాడ్డు మూతలూ ఏవి ఎక్కడివో, ఏ వైపు తిరిగి ఉన్నాయో ఫోటో తీసి తీరాల్సిందే, అవి ఒకదానిది ఒకదానికి మార్చి బిగిస్తే క్రాంకు తిరగను కూడా తిరగదు, తిరిగినా ఎక్కువ దూరం పోదు.

విప్పాక ముందు ఆయిల్ చాంబరు అడుగున ఉండే పికప్ జల్లెడ చూడండి. ఈ 1.8 టర్బోలకి ఎక్కడైనా పేరున్న జబ్బు ఇదే, ఆయిల్ మాడి గట్టిపడి జల్లెడ మూసేస్తది, ప్రెషరు పడిపోద్ది, ముందు టర్బో పోద్ది తర్వాత బేరింగులు పోతాయి. నా జల్లెడలో సగం చిల్లులు కనపడలేదు. జల్లెడ కడగొద్దు, కొత్తది వెయ్యండి.

కొలతల దగ్గర తొందరపడకండి. ఈ బోరు 81 ఎంఎం, పైనా మధ్యలో కిందా మూడు చోట్ల, అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి, అంటే సిలిండరుకి ఆరు కొలతలు, అన్నీ పుస్తకంలో రాయండి. కంపెనీ కొలతకి 0.08 ఎంఎం మించి తేడా వస్తే రీబోరు, ఓవర్‌సైజు పిస్టన్లు. ఆ లోపే ఉంటే హోనింగుతో (బోరు లోపల రాయితో సన్న గీతలు పడేలా రుద్దడం) సరిపెట్టొచ్చు. హెడ్డు మీద స్ట్రెయిట్ ఎడ్జి పెట్టి ఫీలరు గేజీ దూరిస్తే 0.1 ఎంఎం దాటకూడదు, దాటితే ఫేసింగు (మిషను మీద చదును చేయించడం). మాకు పాలకొల్లు వైపు పాతకాలం డీజిలు ఇంజన్లు చేసే మేస్త్రి గారొకాయన తెలుసు, ఆయిల్ ఇంజన్ల మీద నలభై ఏళ్ళ చెయ్యి, ఆయన నా పుస్తకం చూసి "అబ్బాయ్, నువ్వు ఆరు చోట్ల కొలిచావు బానే ఉంది గానీ ఏ టైములో కొలిచావు, మధ్యాన్నమా? పొద్దుటే చల్లగా ఉన్నప్పుడు గేజీనీ బ్లాకునీ ఒకే చోట రాత్రంతా ఉంచి అప్పుడు కొలువు" అన్నారు. మళ్ళీ కొలిస్తే నిజంగానే తేడా వచ్చిందండి, మే నెలలో రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం కొలిచే కొలతని నమ్మలేం.

ఇప్పుడు ఆ పేరా.

మొదటిసారి బ్లాకుని హోనింగుకి లేత్ షాపుకి ఇచ్చాను. ఎక్కడన్నది అనవసరం. తిరిగిచ్చేటప్పుడు "కడిగేశామండి, నేరుగా బిగించుకోవచ్చు" అన్నారు, మెరుస్తా ఉంది, నేను నమ్మాను. కొత్త బేరింగులు, కొత్త రింగులు, కొత్త గాస్కెట్లు, అన్నీ పద్ధతిగా బిగించాను. 300 కిలోమీటర్లు తిరిగేసరికి కింద నుంచి చిన్న చప్పుడు, ఆయిల్ తీస్తే వెండి పొడి కలిపినట్టు మెరుపు. మళ్ళీ మొత్తం విప్పితే మెయిన్ బేరింగుల మీద గీతలు, రాగి రంగు బయటపడిపోయింది. హోనింగు రాయి పొడి ఆయిల్ దారుల్లోనే ఉండిపోయింది. బయట నుంచి చూస్తే ఏమీ కనపడదు, ఆ దారులు బ్లాకు లోపల పొడుగునా ఉంటాయి. ఆరోజు షెడ్డులో ఎంతసేపు అలాగే కూర్చుండిపోయానో నాకే తెలీదు, ఏడాది డబ్బూ ఆరు నెలల ఆదివారాలూ అందులో ఉన్నాయి.

అందుకని ఎవరు కడిగామన్నా మీరు మళ్ళీ కడగండి. ఆయిల్ దారుల చివర ఉండే బిరడాలు విప్పించండి, లోపలికి పొడుగు నైలాన్ బ్రష్షులు పంపండి, చిన్న చిల్లులకి పాలసీసా గొట్టాలు కడిగే సన్న బ్రష్షులు బాగా పనికొస్తాయి. బోర్లని పెట్రోలుతో తుడవడం కాదు, పెట్రోలూ డీజిలూ ఆ రాయి పొడిని గీతల్లోంచి బయటకి తియ్యలేవు, వేడినీళ్ళూ బట్టల సబ్బు పొడీ వేసి బ్రష్షుతో రుద్ది రుద్ది కడగాలి. తెల్లగుడ్డ పెట్టి తుడిస్తే గుడ్డ తెల్లగానే రావాలి, బూడిదరంగు కనపడితే మళ్ళీ మొదట్నుంచి. నాకు నాలుగుసార్లు పట్టింది. కడిగిన క్షణం నుంచీ మన వాతావరణంతో పందెం మొదలవుద్ది. హోనింగు చేసిన పచ్చి ఇనుము మీద నీళ్ళుంటే మన తేమకి మీరు కాఫీ తాగొచ్చేలోపు నారింజరంగు పొర వచ్చేద్ది, వానాకాలమైతే ఇంకా ముందే. కంప్రెషరు గాలి, ఇంజన్ ఆయిలు, పీచు రాలని గుడ్డ మూడూ ముందే చేతికందేలా పెట్టుకుని, కడిగి, వెంటనే గాలి కొట్టి, వెంటనే ఆయిల్ రాసి, పెద్ద ప్లాస్టిక్ కవరు తొడిగి మూతి కట్టెయ్యండి. ఈ పని ఒక్కళ్ళు చెయ్యలేరు, మా తమ్ముడు గాలి కొడతా ఉంటే నేను వెనకాలే ఆయిల్ రాశాను.

బిగించేటప్పుడు మెయిన్ బేరింగులకీ రాడ్డు బేరింగులకీ ప్లాస్టిగేజ్ (మధ్యలో పెట్టి బిగిస్తే అణిగి సందు ఎంతో చూపించే సన్న ప్లాస్టిక్ తీగ) పెట్టి సందు చూసుకోండి, డబ్బా మీద స్టాండర్డు సైజని రాసుంది కదా అని వదిలెయ్యొద్దు. పిస్టను రింగుని ఒట్టిగా బోరులోకి దించి రెండు కొసల మధ్య సందు కొలవండి, 81 ఎంఎం బోరుకి టర్బో ఇంజన్లో దాదాపు 0.4 ఎంఎం నేను ఉంచాను, రింగుల కంపెనీ కాగితం మీద వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. బూస్టు (టర్బో లోపలికి నొక్కే గాలి ప్రెషరు) పెంచే ఉద్దేశం ఉంటే సందు మరీ బిగువుగా పెట్టకూడదు, వేడికి కొసలు ఒకదానికొకటి తగిలాయంటే పిస్టను అంచు విరిగిపోద్ది. హెడ్డు బోల్టులూ రాడ్డు బోల్టులూ సాగే రకం, ఒకసారి సాగాక మళ్ళీ వాడకూడదు. ఎంత టార్కు, ఆ తర్వాత ఎన్ని డిగ్రీలు తిప్పాలి అన్నది మీ ఇంజన్ కోడుకి ఉన్న వర్క్‌షాప్ మాన్యువల్లో చూసే బిగించండి, ఎవరో చెప్పిన అంకెకి కాదు. టైమింగు బెల్టు తెగితే ఇందులో వాల్వులు వంగిపోతాయి కాబట్టి బెల్టు, టెన్షనరు, రోలరు, వాటర్ పంపు అన్నీ ఒకేసారి కొత్తవి, పంపు లోపలి రెక్క ప్లాస్టిక్ కాకుండా ఇనపది ఉన్నదే తీసుకోండి.

టర్బో. లక్ష ఆర్పీఎం దాటి తిరిగే షాఫ్టు సన్నటి ఆయిల్ పొర మీద తేల్తా ఉంటది, మధ్యలో ఇంకేం లేదు. షాఫ్టు పక్కలకి కొంచెం ఊగితే ఫర్వాలేదు, ముందుకీ వెనక్కీ కదిలితే మాత్రం రిపేరుకే. పాత ఆయిల్ ఫీడ్ పైపు లోపల బొగ్గు పేరుకునుంటది, పైకి శుభ్రంగా కనపడినా మార్చెయ్యండి. ఆయిల్ తిరిగొచ్చే పైపు గాస్కెట్టుకి సిలికాన్ పుయ్యొద్దు, లోపలికి పొంగిన ముక్క తెగి దారి మూసిందంటే కొత్త టర్బో కూడా నీలం పొగ కక్కుద్ది. బిగించే ముందు టర్బోలోకి శుభ్రమైన ఆయిల్ పోసి చక్రాన్ని వేలితో తిప్పండి.

మొదటి స్టార్టు రోజు కాయిల్స్ కనెక్టర్లూ ఇంజెక్టర్ల కనెక్టర్లూ పీకేసి, పది పది సెకన్లు స్టార్టరు కొట్టి, ఆయిల్ లైటు ఆరిపోయేదాకా తిప్పండి. చిన్న మెకానికల్ ప్రెషర్ గేజీ పెట్టుకుంటే ఇంకా మంచిది, ముల్లు లేచిందాకా అసలు స్టార్టు లేదు. స్టార్టయ్యాక ట్యాపెట్లు టకటకమంటాయి, హైడ్రాలిక్కువి కాబట్టి కాసేపటికి నిండి తగ్గిపోతాయి. ఆ తర్వాత ఐడిలింగులో గంటలు గంటలు ఉంచొద్దు, రింగులు బోరుకి కూర్చోవాలంటే లోడు కావాలి. లీకులు లేవని చూసుకుని రోడ్డెక్కి, మూడో గేరులో మెల్లగా లాగి, కాలు తీసేసి గేరు మీదే స్పీడు తగ్గనిచ్చి, మళ్ళీ లాగి, ఇలాగ 4000 ఆర్పీఎం లోపు, బూస్టు ఎక్కువ ఎక్కనివ్వకుండా. మా వైపు ఏటిగట్టు రోడ్లు ఈ పనికి పనికిరావు, కోతల టైములో రోడ్డు మీద ధాన్యం ఆరబోసుంటది, గేదెలు అడ్డం వస్తాయి, నేను తెల్లారకముందే 216 నంబరు హైవే ఎక్కి అమలాపురం దాకా వెళ్ళొచ్చేవాణ్ణి. 100 కిలోమీటర్ల దగ్గర ఒకసారి, 500 దగ్గర ఇంకోసారి ఆయిలూ ఫిల్టరూ మార్చండి, తీసిన ఫిల్టర్ని ఫిల్టర్ కట్టరుతో కోసి కాగితం మడతలు తెరిచి చూడండి, హాక్సా బ్లేడుతో కోస్తే ఆ రజనే లోపల పడి కంగారు పెడతది. అయస్కాంతానికి అంటని మెరుపు ముక్కలు కనపడితే బేరింగు అరుగుతున్నట్టు, బండి ఆపెయ్యండి.

1000 కిలోమీటర్లు ఇవన్నీ సవ్యంగా జరిగాకే పవరు మాట. దానికి ముందు బూస్టు లీకులు వెతకాలి. రొయ్యల చెరువుల సామాను అమ్మే షాపులో దొరికే పీవీసీ మూత ఒకటి, ట్యూబ్‌లెస్ టైరు వాల్వు ఒకటి తీసుకోండి, మూతకి చిల్లు పెట్టి వాల్వు బిగించి టర్బో ముక్కు ముందు పైపుకి క్లాంపు వేసి, కంప్రెషరుతో మెల్లగా 1 బార్ లోపు ఎక్కించి, గొట్టాలన్నిటి మీదా సబ్బు నీళ్ళు కొట్టండి, సైకిల్ ట్యూబు పంచరు చూసినట్టే. మొహం దానికి ఎదురుగా పెట్టకండి, మూత ఊడితే గట్టిగా తగుల్తది. పాత రబ్బరు గొట్టాలు, బ్రీదరు పైపులు, డైవర్టరు వాల్వు, బూస్టుని అదుపు చేసే ఎన్75 వాల్వు గొట్టాలు, వీటిల్లో ఏదో ఒకటి బుడగలు కట్టకుండా ఉండదు. నా బండికి ఒక్క పైసా ట్యూనింగు లేకుండా లీకులు మూసేసరికే కొత్త బండి లాగ లాగింది.

తర్వాత వీసీడీఎస్‌లో లాగ్ చెయ్యండి. 115 నంబరు డేటా బ్లాకులో ఈసీయూ (ఇంజన్ కంప్యూటరు) అడిగిన బూస్టూ వచ్చిన బూస్టూ, 020లో ఒక్కో సిలిండరుకి నాక్ (సిలిండర్లో పెట్రోలు అదుపు తప్పి పేలడం) వల్ల ఎంత టైమింగు వెనక్కి లాగుతుందో, 032లో ఫ్యూయల్ దిద్దుబాటు, 003లో ఎయిర్ మాస్. సెకనుకి ఎన్ని గ్రాముల గాలో దాన్ని 0.8తో భాగిస్తే ఉజ్జాయింపుగా హార్స్‌పవరు వచ్చేద్ది, 120 గ్రాములొస్తే 150, అంటే బండి ఆరోగ్యంగా ఉన్నట్టు. అప్పుడు స్టేజ్ 1 రీమ్యాప్ (సామాను మార్చకుండా ఈసీయూ ప్రోగ్రాము మాత్రం మార్చడం) పెడితే కే03తో 180 నుంచి 190 దాకా వస్తది, దాని పైన ఆ చిన్న టర్బో వేడిగాలి ఊదడమే తప్ప లాభం లేదు. ట్యూనరు తక్కువ ఆర్పీఎం లోనే టార్కంతా ఒక్కసారి దింపేస్తానంటే ఒప్పుకోవద్దు, ఫ్యాక్టరీ రాడ్లు వంగేది అక్కడే.

మ్యాపు చేయించేటప్పుడు మీ ఊరి బంకు పెట్రోలే పొయ్యాలి. ఒట్టి పెట్రోలుకి గాలి, ఇంధనం నిష్పత్తి 14.7, ఇప్పుడొచ్చే ఈ20కి (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) దాదాపు 13.5, అంటే అదే గాలికి పెట్రోలు ఎక్కువ కావాలి. వైడ్‌బ్యాండ్ గేజీ పెట్టి లాంబ్డాలో (ఏ పెట్రోలుకైనా సరైన నిష్పత్తి 1, తగ్గితే పెట్రోలు ఎక్కువున్నట్టు) చూసుకుంటే ఈ గొడవుండదు, ఫుల్ బూస్టులో 0.80 నుంచి 0.85 మధ్య ఉంటే నాకు నిద్ర పడతది. పాత రబ్బరు ఫ్యూయల్ పైపులు ఇథనాల్‌కి మెత్తబడతాయి, ఇథనాల్‌కి తట్టుకునేవి వేయించండి.

ఇంటర్‌కూలరు ఈ బండికి ఫెండరు లోపల పక్కన చిన్నది ఉంటది, మన ఎండకి రెండు లాగుళ్ళకే కాలిపోద్ది, కాబట్టి ముందు పెట్టే పెద్దది నిజంగా పనికొచ్చే మార్పు. గాలి ఫిల్టరు మాత్రం ముట్టుకోకండి. బంపరు కింద వేలాడే కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ పొడి ఊళ్ళకి సరిపోద్దేమో, కాలవ పొంగి రోడ్డు మీద మోకాలు లోతు నీళ్ళున్న చోట అది నేరుగా నీళ్ళు తాగుద్ది, పిస్టను నీళ్ళని నొక్కలేదు కాబట్టి రాడ్డు వంగిపోద్ది. కంపెనీ డబ్బా, కాగితం ఫిల్టరు ఉంచండి, కోతల్లో ఊక దుమ్ముకి దాన్ని తరచు మార్చండి. బ్రేకు ఆయిల్ కూడా తేమ పీల్చుకుంటది, మన వైపు ఏడాదికోసారి మార్చడం మంచిది, పవరు పెంచిన బండికి ప్యాడ్లూ టైర్లూ ముందు రావాలి.

చట్టం సంగతి దాచి లాభం లేదు. మోటారు వాహనాల చట్టం 1988 సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి తేడాగా మార్చకూడదు, 182ఏ కింద మార్పుకి 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉంది. బ్లాకే మార్చాల్సొస్తే ఇంజన్ నంబరు ఆర్సీలో ఎక్కించుకోవాలి. 15 ఏళ్ళు దాటిన బండికి ఫిట్‌నెస్ చేయించి ఆర్సీ రెన్యువల్ చేయించాలి, అందుకని క్యాటలిటిక్ కన్వర్టరు తీసెయ్యకండి, పొల్యూషను దగ్గర దొరికిపోతారు, ఊరి గాలికీ మంచిది కాదు. ఫుల్ పవరు చూడాలనుంటే శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ ఉంది, ట్రాక్ డే రోజు అక్కడికి వెళ్ళండి, పిల్లలు స్కూలుకెళ్ళే రోడ్డు మీద వద్దు.

జులై, ఆగస్టుల్లో గోదావరికి ఎర్రనీరు (వరద) వచ్చే ముందు నేను చేసేది: కొత్త ఆయిల్ పోస్తాను, వాడిన ఆయిల్లో ఉండే ఆమ్లం బేరింగుల మీద నెలలు తరబడి కూర్చోకూడదు. ట్యాంకు నిండా కొట్టిస్తాను, ఖాళీ చోటుంటే తేమగాలి చేరి ఇథనాల్ ఆ నీళ్ళని లాక్కుంటది. ధవళేశ్వరం దగ్గర రెండో హెచ్చరిక, అంటే 13.75 అడుగులు, ఎగరేశారని వినగానే మూడోది 17.75 దాకా ఆగకుండా బండిని రాజోలులో మా అత్తయ్య వాళ్ళ మెరక మీద షెడ్డులో పెట్టి, బ్యాటరీ వైరు తీసి, సైలెన్సరు గొట్టంలో ఆయిల్ గుడ్డ కుక్కి, స్టార్టు చేసే ముందు ఆ గుడ్డ తియ్యడం మర్చిపోకుండా గుర్తుకి ఎర్రరిబ్బను స్టీరింగుకి కట్టి వస్తాను.